తెల్లరంగు కింద చెప్పులు

ఖాజా భాయ్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే నువ్వు గీసిన బొమ్మ మీ ఇంటికొచ్చింది. నువ్వు బొమ్మలేసిన వారపత్రిక మూతపడి, దాని కాగితాలన్నీ నకిరేకల్ చిత్తు దుకాణానికి చేరితే, వాటిలో నాకు దొరికింది.

చెప్పులు విప్పి నడవాల్సిన దొర గడి ముందు నడిచే కూలామెకు నువ్వు చెప్పులు తొడిగితే, ఆ పిరికి సంపాదకుడు తెల్లరంగు పూసి, ఉత్తకాళ్లతో అచ్చేశాడు. నువ్వు నిలదీస్తే, అసలు చెప్పులు వేయనే లేదని దబాయించాడు. గడీలు కూలినా దొరతనం పత్రికల బల్లల మీద బతికిందనడానికి ఇంకేం రుజువు కావాలి? ఇన్నేళ్లకు ఆ రంగు పెచ్చులూడింది. కింద నీ నల్లసిరా చెప్పులు నిగనిగలాడుతున్నాయి!

"సూసినవా అన్నా, మా ఆయన ఉత్తగనే కొట్లాడలే!" అని భాభీ చప్పట్లు కొట్టింది. బొమ్మకు మేకు బాగా ఎత్తున కొట్టించింది.

"గంత పైకెందుకు భాభీ?"

"వచ్చినోళ్ల కండ్లకెదురుగ ముందుగాల గామె కాళ్లే కనబడాలె."