విషం పట్టిన పిల్లనగ్రోవి

అక్కా,

నా దగ్గు తగ్గింది, బెంగపడకు. మనసే బాగోలేదు.

మా మ్యూజియంలోని వస్తువులు ఏ దేశాలవో అక్కడివాళ్లనే పిలిచి, వాటి సంగతులు వాళ్ల నోటే వినాలని మావాళ్లు తలపెట్టారు. మొన్న ఒక ముసలామె వచ్చింది. మాటలు అటూ ఇటూ చేరవేయడానికి మనవరాలు తోడొచ్చింది. మేము పెళ్లివాద్యమని చీటీ అంటించిన పిల్లనగ్రోవిని చూసి, "పెళ్లిది కాదమ్మా, పోయినవాళ్లని సాగనంపేటప్పుడు ఊదేది" అంది. వాళ్ల దగ్గర అలాంటిది ఒక్కటీ మిగల్లేదట. ఆ పాట వచ్చినదీ ఇప్పుడామె ఒక్కతేనట.

"ఒక్కసారి ఊదనా తల్లీ" అంటూనే పెదాలకు ఆనించబోయింది. నేను గభాలున చెయ్యి పట్టుకున్నాను. పురుగు పట్టకుండా మా మ్యూజియంలో వెనకటివాళ్లు దానికి విషం పట్టించారక్కా. చేతులకు తొడుగులిచ్చాం గాని, ఎందుకో అప్పటిదాకా చెప్పలేదు. ఇక చెప్పక తప్పలేదు.

"కడిగితే పోదా?" అని ముసలామె మనవరాలి చేత అడిగించింది.

"కర్రలోకి ఇంకిపోయిందండీ."

మనవరాలు ఆ మాట ఆమెకు చెప్పింది. ముసలామె, "పురుగు నుంచి కాపాడారు సరే, మనిషికి పనికిరాకుండా చేశారు కదమ్మా" అని, దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టి మూసేయమంది. మా పెద్దాఫీసరు మాత్రం చర్చ బ్రహ్మాండంగా జరిగిందని అందరికీ టీ ఇప్పించాడు. నేను తాగకుండానే లేచి వచ్చేశాను. పాతవాటిని పదిలపరచడమే నా ఉద్యోగం. ఏది ముట్టుకోబోయినా చేతులాడటం లేదు.

బావగారి కంటి ఆపరేషన్ ఎప్పుడో రాయి. వంటింటి కప్పు కారడం ఆగిందా? పిల్లలు చల్లగా ఉండాలి. అమ్మ శాలువా బీరువాలో దాచావట. తీసి కప్పుకో. చిరిగితే చిరగనీ.

నీ చెల్లి