ఎముక విరగకముందే రక్తపరీక్ష

ఉద్యోగుల ఆరోగ్య పథకం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: షుగర్ వ్యాధిగ్రస్తురాలైన నా మరదలికి విటమిన్ డి పరీక్షను ఎముక విరగక మునుపే మంజూరు చేయించుట గురించి.

జతపరచినవి: నా భార్య పేర తిరస్కరింపబడిన దరఖాస్తులు మూడు, మంజూరైనది ఒకటి.

నేను ఈ ఆసుపత్రి నేలమాళిగలోని లాండ్రీలో ఇస్త్రీ రోలరు నడిపేవాడను. నా భార్య అదే గదిలో చిరిగిన దుప్పట్లకు, రోగుల గౌన్లకు కుట్లు వేసేది. ఆమె పోయి నలభై రోజులైంది. దుప్పట్లు మడతపెట్టే ఆమె చెల్లెలిని ఇప్పుడు ఆ కుట్టుమెషిను ముందు కూర్చోబెట్టారు. అక్కాచెల్లెళ్లిద్దరిదీ షుగర్ ఒళ్లే. అర్జీ చెల్లెలి కోసమే గాని, అక్క సంగతి చెప్పనిదే తమకు బోధపడదు గనుక ఈ దిగువ మనవి చేసుకొనుచున్నాను.

1. మా గదికి కిటికీ లేదు. పొద్దున్నే దిగితే చీకటి పడే వేళకు పైకి వస్తాము. పదకొండేళ్లు నా భార్య ట్యూబులైటు కిందే గడిపింది. రెండేళ్ల క్రితం తొడల్లో నొప్పి మొదలైంది. కూర్చుంటే లేవలేదు. మెట్లెక్కాలంటే కమ్మీ పట్టుకుని ఒళ్లు ఈడ్చుకునేది. పథకం డాక్టరమ్మ గారు "షుగర్ ఉన్నవాళ్లకు కాళ్లు లాగుతాయమ్మా" అన్నారు. మళ్లీ వెళితే మళ్లీ అదే అన్నారు. మూడోసారి మాత్రం నేలమీద కూర్చుని లేవమన్నారు. నా భార్య లేవలేకపోయింది. "ఇది నరాల నొప్పిలా లేదే. ఎండ మొహం చూడని ఉద్యోగం, పైగా షుగర్. విటమిన్ డి పడిపోయి ఉంటుంది, రక్తపరీక్ష చేయిద్దాం" అని చీటీ రాసిచ్చారు.

2. సదరు చీటీని తమ కార్యాలయపు కిటికీ దగ్గరి గుమాస్తా గారు తిప్పి ఇచ్చారు. కారణము అడుగగా, షుగర్ కింద ఇచ్చే పరీక్షల జాబితాలో అది లేదనియు, ఎముకల జాబితాలో కలదనియు సెలవిచ్చారు.

"ఎముకలే కదండీ నొప్పి" అంది నా భార్య.

"నొప్పి సరిపోదమ్మా, విరగాలి. విరిగాక రండి, ఒక్కరోజులో చేయించేస్తాం."

ఆయన వెటకారంగా అనలేదు. నిబంధనల పుస్తకం మా వైపు తిప్పి, వేలు పెట్టి చూపించారు. తరవాత మరి రెండుసార్లు వెళ్లాము, రెండుసార్లూ అదే పేజీ. పరీక్ష కాగితం లేనిదే మందు రాసే అధికారం డాక్టరమ్మ గారికి లేదట. బయట చేయించుకోవాలంటే ఆ నెల ఇన్సులిన్ మానాలి. రక్తపరీక్షల గది మా నెత్తిమీద రెండో అంతస్తులోనే ఉన్నది. అక్కడివాళ్ల తెల్లకోట్లు ఇస్త్రీ చేసేది నేనే.

3. ఇది తమరి మీద ఫిర్యాదు కాదు. కిటికీ దగ్గర నేను ఒక్కనాడూ గొంతు పెంచలేదు. ఇంటికొచ్చి ఆమె మీద పెంచాను. "పరీక్ష అక్కర్లేదన్నారంటే నీకేం రోగం లేదనేగా? ఒళ్లు వంగడం లేదు, అంతే" అన్నాను. ఒకరోజు కూరగాయలు తరుగుతూ, పీట మీంచి లేవలేక నా వైపు చెయ్యి చాచింది. నేను ఇవ్వలేదు. "లే. నీ అంతట నువ్వే లే. అలవాటవుతుంది" అని గుమ్మంలో నిలబడి చూశాను. ఆమె పాక్కుంటూ గోడ దాకా వెళ్లి, గోడ పట్టుకుని లేచింది. లేచి, తరిగిన ముక్కలు పొయ్యి మీద వేసింది. ఇది కార్యాలయానికి అనవసరమని తెలుసు. ఈ పేరా కొట్టేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు.

4. ఆ తరవాత పదహారో రోజున లాండ్రీ మెట్ల దగ్గర, మొదటి మెట్టుకే కాలు లేవక పడిపోయింది. తుంటి విరిగింది. గుమాస్తా గారు మాట తప్పలేదు. ఆ మధ్యాహ్నమే మంజూరు ముద్ర పడింది. విటమిన్ డి ముప్పై ఉండవలసింది నాలుగు ఉందని వచ్చింది. స్ట్రెచరు మీద ఉండగా ఆ కాగితం చూపించాను. రెండుసార్లు చదివించుకుంది.

"చూశావా, నేను అబద్ధం చెప్పలేదు" అంది. ఆ మాట అంటూ నవ్వింది అయ్యా.

ఆపరేషను గాయం షుగర్ మూలంగా మానక, చీముపట్టి, ఇరవై రెండో రోజున ప్రాణం పోయింది. ఆమె కింద పరిచిన దుప్పటి మర్నాడు ఉతికి మా గదికే వచ్చింది. రోలరులో పెట్టాను. ఏం చేయను, ఆగితే వెనక దుప్పట్ల బండి నిండిపోతుంది.

5. మరదలు తొమ్మిదేళ్లుగా ఆ గదిలోనే ఉన్నది. ఆమె కూడా ఇప్పుడు బల్ల పట్టుకుని లేస్తున్నది. డాక్టరమ్మ గారు ఈసారి మొదటి చూపులోనే చీటీ రాశారు. గుమాస్తా గారు తిప్పి ఇచ్చారు. "ఒకే గదండీ, ఒకే జబ్బు, ఒకే తల్లి పిల్లలం. అక్క కాగితం చూసైనా..." అని మరదలు అంటూంటే, "ఆ ఫైలు మూసేశామమ్మా" అన్నారు.

కావున తమరు దయయుంచి సదరు పరీక్షను ఈ ఒక్క మనిషికి ముందుగా చేయించవలసినదిగా వేడుకొనుచున్నాను. ఆపైన తమ చిత్తం.

ఇన్నేళ్లూ విధేయతకు లోటు చేయని,
ఇస్త్రీ రోలరు మనిషి,
లాండ్రీ, నేలమాళిగ.

తా.క. సంతకం పెట్టాక మరదలు దీన్ని చదివింది. "బావా, ఇది పై అధికారి బల్ల దాకా వెళ్లేసరికి ఎన్నాళ్లవుతుంది?" అంది. నిన్న భోజనాల వేళ దుప్పట్ల బీరువా దగ్గరికి పిలిచి, ఇనప తలుపు సందులో ఎడమచేతి చిటికెన వేలు పెట్టింది. "కుట్టుపనికి ఈ వేలు అడ్డు రాదు. తలుపు నాకు నేను వేసుకోలేను. నువ్వెయ్యి బావా" అంది.

వేశాను.

ఎక్స్‌రే తీసుకుని ఇవాళ కిటికీ దగ్గరికి వెళ్లాము. గుమాస్తా గారు వెలుతురుకు పట్టి చూసి, చాలా నొచ్చుకున్నారు. మరదలికి మంచినీళ్లు తెప్పించారు. వేళ్లు లెక్కలోకి రావట. తుంటి, వెన్నెముక, మణికట్టు మాత్రమే చెల్లుతాయట.

కనుక మణికట్టు ఏ చేతిదైనా సరిపోతుందో, కుడిచేతిదే కావాలో రాతమూలకంగా తెలియజేయ ప్రార్థన. ఆమె రేపు మళ్లీ పిలుస్తుంది.