బొమ్మ లేని రోస్కా

జనవరి 1, ఉదయం 11
ఈరోజు నుంచి పాలు, గుడ్డు, వెన్న, మాంసం, తేనె బంద్. ఏడాదంతా! ముగ్గురు రాజుల పండక్కి చేసే గుండ్రటి రొట్టె, రోస్కా కూడా అలాగే. చేతి నొప్పి వల్ల అత్తగారు ఈసారి పిండి పిసకలేక ఆ పని నాకు అప్పగించారు. పదిహేనేళ్ళలో నేను చేసినదాన్ని ఆవిడ బాగుందన్న పాపాన పోలేదు. ఈసారి అనిపించకపోతే నా పేరు ఫిదెన్సియో కాదు.

జనవరి 4
వెన్నకి బదులు కొబ్బరి నూనె. గుడ్డుకి బదులు శనగలు ఉడికించిన నీళ్ళు. పిండి పొంగలేదు. మా పువెబ్లా ఊరి చలి అలాంటిది.

జనవరి 5, సాయంత్రం 6
రెండో పిండి పొంగింది. కాస్త. పిండిలో దాచమని నా భార్య అంపారో మూడు ప్లాస్టిక్ బాల యేసు బొమ్మలు ఇచ్చింది. ప్లాస్టిక్ అంటే పెట్రోలు. పెట్రోలంటే ఎప్పుడో చచ్చిన జీవాలు. నియమం నియమమే. పెట్టలేదు. ఎవరికీ చెప్పలేదు.

జనవరి 6, సాయంత్రం 7
పద్నాలుగు మంది. బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఫిబ్రవరి రెండున అందరికీ మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలెలు చేసి పెట్టాలి కదా, మొదట ఎవరూ కత్తి ముట్టుకోలేదు. తర్వాత ఒక ముక్క, ఇంకో ముక్క, చివరికి రోస్కా మొత్తం ఖాళీ! రెండోది చేయనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

తీరా చూస్తే వాళ్ళు తినడం లేదు, వెతుకుతున్నారు. పళ్ళేల నిండా రొట్టె పొడి. తమాలెలు తప్పించుకోవడానికి బొమ్మ మింగేశావని అందరూ బావమరిది ఎరిబెర్తో మీద పడ్డారు.

"ముక్కే గొంతు దిగట్లేదు బావా, ఇంక బొమ్మెక్కడ మింగుతాను?" అన్నాడు వాడు.

బొమ్మలు పెట్టలేదని నేను ఒప్పుకోక తప్పలేదు. అత్తగారు తీర్పు చెప్పారు.

"మా ఎవరికీ రాలేదంటే నీకొచ్చినట్టే అల్లుడూ. తమాలెలు నువ్వే పెట్టు. పందికొవ్వు వేసి."

జనవరి 20
పందికొవ్వు వేస్తాను, తినను. కాఫీలో పాలంటారా, అవి అంపారో పోసింది, నేను కాదు.

ఫిబ్రవరి 2, మధ్యాహ్నం 3
ఉప్పు చూడాలి కదా అని ఒక తమాలె. కారం చూడాలని ఇంకోటి. ఆరోదానికి కారణం దొరకలేదు. అత్తగారు రెండు తిని, అందరి ముందూ "బాగుంది" అన్నారు! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ మెచ్చుకున్నది పందిని, నిన్ను కాదని అంపారో చెవిలో చెప్పింది.

ఫిబ్రవరి 3, ఉదయం 8
మళ్ళీ మొదలు! పాలు, గుడ్డు, వెన్న, మాంసం బంద్. మధ్యాహ్నం భోజనం అయ్యాక.

అత్తగారు ఫోన్ చేశారు. వచ్చే ఏడు రోస్కా తనే చేస్తారట. నా రోస్కా నోట్లో పెట్టుకున్న క్షణానే చేతి నొప్పి పోయిందట. చాలా బాధేసింది. సంతోషం అత్తయ్యగారూ అన్నాను.