ఎనిమిది ట్యాంకులు, మూడు పాఠాలు

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. పాత కలప అడితీ మూసేసి, గాలి తుపాకులతో రంగు గుళ్లు కొట్టుకునే ఆటస్థలం తెరుస్తున్నానని మీ అక్క చెప్పే ఉంటుంది. ఎనిమిది గాలి ట్యాంకులు వచ్చాయి. ట్యాంకు మూతి దగ్గర గాలిని అదుపుచేసి తుపాకీకి వదిలే రెగ్యులేటరు ఉంటుంది కదా, దాని భద్రత చూడటానికి ఇరవయ్యో తారీఖున ఇన్‌స్పెక్టరు వస్తాడట. తేడా వస్తే గేటుకు తాళమే. ఈ వయసులో మళ్లీ దుంగలు మోయలేను. రెండిళ్లలోనూ ట్యాంకుల పని నేర్చినవాడివి నువ్వొక్కడివే. ఆయన అడిగితే చెప్పడానికి, రెగ్యులేటరు బిగించే పద్ధతి నాలుగు ముక్కలు రాయి.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఒక్క పేజీలో ముగించమని మీ అక్క మాట.

*

మహారాజశ్రీ బావగారికి,

నమస్కారములు. భద్రత నాలుగు ముక్కలలో ఇమిడే విషయము కాదు. నలభై ఏడవ ఏట పరీక్ష వ్రాసి ధ్రువపత్రము సాధించినవాడను గనుక, ఉత్తరమునకు ఒక పాఠము చొప్పున బోధించెదను. ఒకదానిలో ఉత్తీర్ణులైన పిదపనే మరొకటి.

మొదటి పాఠము: కంటికి రక్షణ అద్దములు ధరింపుడు. ట్యాంకులోని గాలి మొత్తము ఖాళీ చేయుడు. మీటరు సున్నా చూపినంత మాత్రమున నమ్మరాదు. మీటరు కూడ అబద్ధమాడును. ట్యాంకు, రెగ్యులేటరు విడివిడిగా ఉండవలెను. ఈ స్థితికి చేరినట్లు వ్రాతపూర్వకముగా తెలుపుడు.

ఇట్లు విధేయుడు,
మీ బావమరిది

తా.క.: నూనె చుక్క తగలరాదు. అధిక పీడనపు గాలికి నూనె తోడైనచో నిప్పు పుట్టగలదు. కుట్టుమిషను నూనె సైతము నూనెయే. అక్కయ్యకు ప్రత్యేకముగా చెప్పుడు.

*

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. ట్యాంకులు ఖాళీగానే వచ్చాయి. ఖాళీవాటిని ఖాళీ చేయడం ఎలాగో తెలియక, వీధి చివర ఈతగాళ్ల సిలిండర్లు నింపే దుకాణానికి మోసుకెళ్లి ఎనిమిదింటినీ నింపించాను. తెచ్చి ఖాళీ చేశాను. ఆ గాలి విసురుకు గోడమీది క్యాలెండరు మూడు నెలలు ముందుకు వెళ్లింది. ట్యాంకులు, రెగ్యులేటర్లు విడివిడిగా ఉండాలన్నావు. ఉన్నాయి. దానికి నా నడుము పోయింది. అవి వచ్చిన తీరు గురించి ఒక సందేహం అడగాలి.

ఇట్లు,
మీ బావ

తా.క.: రక్షణ అద్దాలు పెట్టుకుంటే ఉల్లిపాయలు తరిగినా కన్నీళ్లు రావడం లేదని మీ అక్క కనిపెట్టింది. ఆ అద్దాలు ఇక నాకు తిరిగి రావు.

*

మహారాజశ్రీ బావగారికి,

నమస్కారములు. తమరికి పదింట ఆరు మార్కులు. మార్జిను విడువనందుకు ఒకటి, అడగని విషయములు వ్రాసినందుకు మూడు తగ్గించితిని. సందేహములు మూడవ పాఠము తరువాత.

రెండవ పాఠము: ట్యాంకు మూతిలోని మరలను పొడిగుడ్డతో తుడువుడు. గాలి కారనీయని రబ్బరు సీలు చిట్లినచో కొత్తది వేయవలెను. రెగ్యులేటరును చేతితోనే తిప్పి ఎక్కించుడు. మొరాయించినచో బలము చూపక, వెనుకకు తిప్పి మొదటికి రండు. చివరి బిగింపు మాత్రము చేయరాదు. అది మూడవ పాఠము.

ఇట్లు విధేయుడు,
మీ బావమరిది

తా.క.: అక్కయ్య ప్రయోగము శాస్త్రీయము. ఆమెకు పదికి పది.

*

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. ఎడమ పక్క మార్జిను విడిచాను, చూసుకో. ఎనిమిదింటికీ చేత్తో ఎక్కించి నీ మూడో పాఠం కోసం కూర్చున్నాను. ఈలోగా రెండు జట్లు వచ్చిపడ్డాయి. ‘ట్యాంకులు చదువుకుంటున్నాయి, తుపాకులు లేవు’ అన్నాను. గుళ్లు చేత్తో విసురుకున్నారు. పగలకపోతే పరుగెత్తి పట్టుకుని నెత్తిన నొక్కారు. ఒక బ్యాంకు మేనేజరు వెళ్తూ, ‘ఇన్నేళ్లలో ఇంత హాయిగా ఎవరి నెత్తినా కొట్టలేదండీ’ అన్నాడు.

ఎల్లుండే ఇరవై. నాకు నిద్ర పట్టడం లేదు.

ఇట్లు,
మీ బావ

తా.క.: సందేహం ఇంకా ఉంది. అడగను.

*

మహారాజశ్రీ బావగారికి,

నమస్కారములు. మూడవ పాఠము: తయారీదారు చెప్పిన కొలతకు, బిగువు కొలిచే పానాతో బిగించవలెను. మెల్లగా గాలి నింపి, సబ్బునీరు రాసి బుడగలు చూడవలెను. ఇది శిక్షితుని చేతిమీదుగానే జరుగవలెను. నాకు సెలవు దొరకలేదు. కావున ఈ పాఠము చదువుటకే, చేయుటకు కాదు.

ఇట్లు విధేయుడు,
మీ బావమరిది

తా.క.: ఇప్పుడు సందేహము అడుగవచ్చును.

*

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. నీ ఉత్తరమూ ఇన్‌స్పెక్టరూ ఒకే రిక్షాలో దిగారు. ఆయన ట్యాంకు చేతిలోకి తీసుకుని, ‘ఇవి ఫ్యాక్టరీలోనే రెగ్యులేటరు బిగించి, సీలువేసి పంపుతారే. ఎవరు విప్పారండీ?’ అన్నాడు. నా సందేహం అదే. వచ్చినప్పుడు కలిసే ఉన్నాయి. విడివిడిగా ఉండాలన్నావని విప్పాను. చెబుదామంటే మార్కులు పోతాయాయె.

నీ ఉత్తరాలు చూపించి, నేను నీకు రాసిందీ చెప్పాను. గంటసేపు చదివాడు. ‘పాఠాల్లో ఒక్క తప్పు లేదు. రెగ్యులేటరు లేకుండా ఆ దుకాణంవాడు గాలి ఎలా నింపాడని మాత్రం మాస్టారికి తట్టలేదు’ అన్నాడు. ట్యాంకులు వాడకూడదని పక్కన పెట్టించాడు. అంతలో ఆ బ్యాంకు మేనేజరు తన జట్టుతో వచ్చి ఒక గుడ్డు తీసినట్టు జాగ్రత్తగా రంగు గుండు తీసి ఇన్‌స్పెక్టరు నెత్తిన నొక్కాడు. ఆయన తుడుచుకుని కాగితం మీద రాశాడు: ‘ఈ ఆటకు గాలి అవసరం లేదు. ట్యాంకుల వల్ల ప్రమాదం లేదు. తెరవవచ్చు.’ సాయంత్రం వరకు ఆడే వెళ్లాడు.

ఇట్లు,
తాళం పడని మీ బావ

తా.క.: బిగించడానికి ఎనిమిది ట్యాంకులూ నువ్వు పనిచేసే చోటికే లారీలో పంపాను. వాటి వెంట ప్రశ్నపత్రం ఉంది. మొదటి ప్రశ్న: ‘రెగ్యులేటరు ముందే ఉందా?’ పది మార్కులు. మార్జిను విడవాలి. దిద్దేది మీ అక్క. అద్దాలు పెట్టుకుని కూర్చుంది.