పోతయ్య చేను పటం

బందరు,
12 జూలై 2025

ప్రసాదు బావకి,

నీకు చెవులు సరిగ్గా వినపడనప్పటి నుంచి ఫోన్‌లో అరిచి చెప్పుకునే నాలుగు మాటలే మన మధ్య మిగిలాయి. ఇది అరిచి చెప్పే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

ఆఫీసుకి పటాల ప్రింటరు, ప్లాటరు అంటారు, కొంటున్నాం. ఇన్నాళ్ళూ పెద్ద పటం కావాలంటే విజయవాడ పంపి ప్రింటు తీయించేవాళ్ళం. పెద్దాయన పోయాక సర్వే ఆఫీసు చూసుకుంటున్నది ఆయన కూతురు ఝాన్సీలక్ష్మి గారే కదా. "ముప్పై ఏళ్ళు పటాలు గీసినవారు, ఏది కొనాలో మీరే చెప్పండి బాబాయ్ గారూ" అని నా మీద పెట్టింది. గ్రామ పటం నిండుగా పట్టాలంటే ముప్పై ఆరంగుళాల వెడల్పు కావాలి. నీళ్ళు తగిలితే కారిపోయే సిరా పనికిరాదు, మన రైతులు పటాన్ని చొక్కాలో దోపుకుని వానలో చేలకి వెళ్తారు. అక్కడిదాకా ఇద్దరిదీ ఒకటే మాట. చివరికి రెండు మిషన్లు మిగిలాయి. ఒకటి ప్రింటు మాత్రమే తీస్తుంది. రెండోదానికి స్కానర్ కూడా ఉంది. ఆమెకి అదే నచ్చింది. ఉప్పు గాలికి బీరువాలో పాత పటాలు పొడిపొడి అయిపోతున్నాయి, అవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇప్పటి కొలతలతో సరిచూసుకుందాం అంది.

నేను వద్దన్నాను. "స్కానర్ పాడైతే బాగుచేసే మనిషి హైదరాబాదు నుంచి రావాలమ్మా, ఒట్టి ప్రింటరు చాలు" అన్నాను. అబద్ధం చెప్పాను బావా. ఆమె నమ్మింది.

2003లో నాగాయలంక దగ్గర పోతయ్య చేను నువ్వు కొలిచావు, నేను గీశాను. సముద్రం మీద వేటకి వెళ్ళే మనిషి, రెండెకరాలకి కొంచెం తక్కువ చేను. పక్కన రొయ్యల చెరువు తవ్వుతున్నాయనతో హద్దు తగాదా. మన పటం ప్రకారం నలభై సెంట్లు చెరువాయనకి వెళ్ళింది. తీర్పూ ఆ పటం మీదే వచ్చింది. గట్టు జరిగి ఉప్పునీళ్ళు ఊరి, మిగిలిన చేను కూడా పండకుండా పోయింది. చివరికి పోతయ్య ఆ చెరువుకే కాపలా కుదిరాడు. 2011లో నీళ్ళలో తిరిగే మోటారు వైరు తగిలి అక్కడే పోయాడు.

ఆ పటం గీసిన రోజు మా అమ్మాయి లాస్యకి జ్వరం. మనసు ఇంటి దగ్గర ఉంది. చెయ్యి జారింది. బ్లేడుతో గీకి, ఆ హద్దు గీత మళ్ళీ గీశాను. సరైన చోటే గీశానా అని సరిచూడలేదు, పెద్దాయన తొందరపెడుతున్నాడు. తర్వాత పోతయ్య ఆఫీసుకి వచ్చి, "మా నాన్న పాతిన రాయి ఇంకా అవతలుందండీ, ఒక్కసారి చూడండి బాబూ" అన్నాడు. పటంలో తప్పు లేదని చెప్పి పంపేశాను. నిజానికి నేను పటం విప్పనే లేదు. ఇరవై రెండేళ్ళుగా విప్పలేదు. స్కానర్ వస్తే ఆమె విప్పుతుంది.

ఏం చెయ్యమంటావో రాయి.

నీ
బసవయ్య

*

గుడివాడ,
20 జూలై

బసవయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు ఇచ్చిన సలహా సరైనదే. స్కానర్ వద్దు. ఆ పిల్లకి లేనిపోని ఆలోచనలు పెట్టకు. పోతయ్య పోయి పద్నాలుగేళ్ళయింది. ఇప్పుడు చెబితే పాపాయమ్మకి మొగుడు తిరిగి వస్తాడా? ఉన్న బాధ రెండింతలవుతుంది, అంతే. పెద్దాయన పేరు కూడా పాడవుతుంది.

ఎటూ మిషన్ పెట్టడానికి గది ఖాళీ చెయ్యాలి కాబట్టి కొలతలు రాసిన పాత ఫీల్డ్ బుక్కులు తగలబెట్టించు. చెదలు తప్ప వాటిలో ఏమీ ఉండదు. మందులు వేళకి వేసుకో.

దుర్గాప్రసాద్

*

బందరు,
31 ఆగస్టు

ప్రసాదూ,

నీ మాట వినలేదు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే ఝాన్సీలక్ష్మి గారికి అంతా చెప్పేశాను. ఆమె అంతా విని, "అయితే స్కానర్ ఉన్నదే తెప్పిద్దాం బాబాయ్ గారూ. మొదట ఆ పటమే పెడదాం" అంది.

పోయిన సోమవారం మిషన్ బిగించారు. పటాన్ని నా చేతులతోనే పెట్టాను, అంచులు రాలుతున్నాయి. బ్లేడుతో గీకిన చోటు తెర మీద స్పష్టంగా కనిపించింది. ఫీల్డ్ బుక్కు తీసి ఒక్కో కొలతా సరిచూశాం. నా గీత నువ్వు రాసిన కొలతకి వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది. నా చెయ్యి జారినా, మళ్ళీ గీసింది సరిగ్గానే గీశాను. ఆ క్షణం గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. అందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఎందుకంటే, నేల మీద తేడా అలాగే ఉంది. మర్నాడు మేమిద్దరం నాగాయలంక వెళ్ళాం. రొయ్యలకి వైరస్ వచ్చి ఆ చెరువు రెండేళ్ళుగా ఎండిపోయి ఉంది. చెరువు లోపల మిగిలిన పాత గట్టు తవ్వితే పోతయ్య చెప్పిన రాయి దొరికింది. చేను అవతలి మూల రాయి నుంచి దానికి తొంభై నాలుగు మీటర్లు. నీ బుక్కులో డెబ్బై నాలుగు. వచ్చి భూతద్దం పెట్టి చూశాను. సిరా కింద పెన్సిల్‌తో తొంభై నాలుగే ఉంది. ఆ తొమ్మిదిని పెన్నుతో ఏడు చేశారు. ఏడుకి నడుమ అడ్డగీత పెట్టే అలవాటు ఆఫీసులో నీ ఒక్కడికే ఉంది. ఆ బుక్కులు తగలబెట్టమని ఎందుకు రాశావో అప్పుడు తెలిసింది.

చెరువాయన నీకేం ఇచ్చాడో నేను అడగను. నువ్వు అంకె దిద్దావు. నేను పటం విప్పలేదు. అతను ఆఫీసుకి వచ్చిన రోజే విప్పి, బుక్కు తీసుకుని ఆ రాయి దాకా వెళ్ళి కొలిచుంటే ఆ దిద్దుబాటు కంటబడేది. నా పిరికితనం నీ తప్పుని ఇరవై రెండేళ్ళు కాపాడింది.

నిన్న కొత్త పటం ప్రింటు తీసుకుని పాపాయమ్మ దగ్గరికి వెళ్ళాం. ఎండుచేపలు ఏరుతోంది. పటం నేల మీద పరిచి, పాత గీత ఎక్కడుందో, అసలు హద్దు ఎక్కడో వేలితో చూపించాను. నలభై సెంట్ల కోసం మళ్ళీ కేసు వేయిస్తామని, ఖర్చంతా ఆఫీసుదేనని ఝాన్సీలక్ష్మి గారు చెప్పింది. పాపాయమ్మ అది విన్నట్టే లేదు.

"ఆయన చచ్చేదాకా ఆ రాయి మాటే చెప్పాడు బాబూ. కాగితం ఒకటీ నువ్వొకటీ చెబుతున్నావు, పరాయోళ్ళ నేలకి ఆశపడ్డావని ఊరంతా నవ్వింది. నేనూ తిట్టాను. ఆ చెరువు కాడ పనికి నేనే తోలాను. సిగ్గుంటే కూలి చేసి బతుకు అన్నాను."

క్షమించమని అడిగాను. ఆమె పాత గీత మీద వేలు పెట్టి, "కొలిచిందెవరు?" అని అడిగింది.

నీ పేరు చెప్పాను. గుడివాడలో నీ వీధి, ఇంటి గుర్తు కూడా చెప్పాను. ఝాన్సీలక్ష్మి గారు ఫీల్డ్ బుక్కుని వకీలుకి అప్పగించింది. పాపాయమ్మ బుధవారం మొదటి బస్సుకి నీ దగ్గరికి వస్తానంది. తోడు రమ్మంటే నేనూ వస్తున్నాను. నీకు సరిగ్గా వినపడదని ఆమెకి చెప్పాను. పర్లేదు, గట్టిగానే అడుగుతానంది.

బసవయ్య