గుర్రం నడకపై ఫిర్యాదు

ముప్పాళ్ళ,
సోమవారం.

మాచర్ల గుర్రాల నాగూర్ వలికి గోపాలకృష్ణయ్య రాయునది ఏమనగా,

ఇక్కడ గుర్రం తప్ప అందరం క్షేమం. ఫోన్ చేస్తే నవ్వి పెట్టేస్తున్నావు, అందుకని రిజిస్టరు పోస్టు. నడుం ఆపరేషన్ అయ్యాక డాక్టరు నన్ను మోటారుసైకిల్ ఎక్కొద్దన్నాడు. మిరప చేను మూడు కిలోమీటర్లు, నడవలేను. "పోలేనోడివి, కౌలుకిచ్చెయ్ నాన్నా" అంటాడు మా వెంకట్. ఆ మాట పడలేకే గదయ్యా నీ దగ్గర మార్వాడీ గుర్రం కొన్నది!

తీరా చూస్తే అది ఎడమ పక్క కాళ్ళు రెండూ కలిపి వేస్తుంది, ఆనక కుడి పక్కవి. నలభై ఏళ్ళు ఎడ్లను చూసినవాణ్ణి. ఎద్దు అట్టా నడిస్తే సంతలో ఎవడూ ముట్టుకోడు. కుంటిదాన్ని అంటగట్టావు. వచ్చి తీసుకుపో.

ఇట్లు,
ఇంకా గుర్రం ఎక్కని
గోపాలకృష్ణయ్య

తా.క.: చెవులు లోపలికి వంగి కొనలు కలిసిపోయాయి. లారీ తలుపులో నొక్కావా ఏంది?

---

మాచర్ల,
గురువారం.

బాబాయి గారికి నాగూర్ వలి సలాములు.

అది కుంటడం కాదు. ఆ నడకను రేవాల్ అంటారు. మామూలు గుర్రం పరుగెడితే మనిషి ఎగిరెగిరి పడతాడు. ఇది ఒక పక్క కాళ్ళు కాస్త ముందువెనకగా వేసుకుంటూ, వీపు అదరకుండా పోతుంది. మీ నడుం సంగతి విని ఏరి మరీ ఇచ్చాను. ఒక్కసారి ఎక్కండి బాబాయ్!

మీ మేలు కోరే
నాగూర్ వలి

తా.క.: చెవులు కలిస్తేనే మార్వాడీ. కలవకపోతే అప్పుడు తిట్టండి.

---

ముప్పాళ్ళ,
మళ్ళీ సోమవారం.

వలీ,

ఈసారి ఆశీస్సులు సగమే. పశువుల డాక్టరును పిలిస్తే లోపం లేదన్నాడు. ఆయనదీ మాచర్లేనట, ఇంకేం చెబుతాడు! ఇక లాభం లేదని, మా పాలేరు యల్లమందకు గుర్రాన్ని అప్పజెప్పి నాలుగు రోజులు సరైన నడక నేర్పించాను. ఇటు మావాడు కౌలుకు మనిషిని కూడా మాట్లాడాడు. నా ప్రాణం ఉసూరుమంటోంది. ఆదివారం లోపు నువ్వు రాకపోతే నరసరావుపేట వకీలు చేత నోటీసు ఇప్పిస్తా.

ఇట్లు,
కోపంతో
గోపాలకృష్ణయ్య

తా.క.: గుర్రం మారలా. యల్లమందే ఇప్పుడు ఎడమ చెయ్యీ ఎడమ కాలూ కలిపి ఊపుతూ నడుస్తున్నాడు.

---

మాచర్ల,
బుధవారం.

బాబాయ్,

నోటీసు దాకా ఎందుకు? ఆదివారం లారీ తెచ్చి తీసుకెళ్తాను. అందాకా దయచేసి దానికి ఏమీ నేర్పొద్దు.

మనసు నొచ్చుకున్న
నాగూర్ వలి

తా.క.: యల్లమంద నడకకు నా గ్యారంటీ లేదు.

---

ముప్పాళ్ళ,
శుక్రవారం.

నాయనా నాగూర్ వలీ,

లారీ తేవొద్దు! నేను పోస్టాఫీసు చుట్టూ, వకీలు చుట్టూ తిరుగుతుంటే, యల్లమంద నడక నేర్పింది మా చేను దారిలోనేనట. గుర్రం మీద మీ పిన్ని పుల్లమ్మ! మోకాళ్ళ నొప్పులని గడప దాటని మనిషి, అరుగు మీద నుంచి దాని వీపు మీదికి జరిగి కూర్చుని రోజూ పోయొస్తోంది. నిన్న కళ్ళారా చూశా. ఒళ్ళో పులుసు గిన్నె, చుక్క తొణకలా. కౌలుకు వచ్చినవాణ్ణి గట్టు మీదే ఆపి, "చేను మేమే చేసుకుంటాం, పోయిరా నాయనా" అని పంపేసింది. సంతోషంతో నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తప్పు నాదే, క్షమించు.

"రేపు నేనెక్కుతానే" అన్నాను. "ఏందయ్యా, కుంటిదన్నావుగా? నీకెందుకు ఆ గండం? ఇంటికాడుండి పొయ్యి మీద పాలు చూసుకో" అని కళ్ళెం అందుకుంది.

కాబట్టి వెంటనే ఇంకో గుర్రాన్ని పంపు. దీనికున్న లోపాలన్నీ దానికీ ఉండాలి.

నీ శ్రేయోభిలాషి,
గోపాలకృష్ణయ్య

తా.క.: ఇంకా చానా రాయాలనుంది గానీ, పాలు పొంగిపోతున్నాయి.