పగిలిన ఎర్రచుక్క

శనివారం.

నేను బాగుచేసి ఇచ్చిన భజన మండలి ఆంప్లిఫైయర్ మళ్లీ వెనక్కి వచ్చింది. గొంతెత్తి పాడితే శుభ్రంగా ఉంది, మెల్లగా అందుకుంటే గరగర. మూత తీసి చూస్తే ట్రాన్సిస్టర్లకు కరెంటు సరిచేసే చిన్న స్క్రూ తిరిగి ఉంది. అది కదలకుండా నేను పెట్టిన ఎర్ర గోళ్లరంగు చుక్క పగిలింది. మండలి వాళ్లకు మూత విప్పడమే రాదు. వాళ్లకు ఇచ్చేదాకా పెట్టె మా రిపేరు దుకాణంలోనే ఉంది, దాని తాళాలున్నది నా దగ్గరా తమ్ముడి దగ్గరే. వాడు హుజూర్‌నగర్‌లో సొంతంగా వేరే రిపేరు దుకాణానికి జాగా చూస్తున్నాడని ఎవరో అంటే మొన్న నమ్మలేదు.

"గీ పెట్టె నువ్వేమన్న ఇప్పినవారా?" అనడిగాను.

"లే అన్నా, నేనెందుకు ఇప్పుత?"

స్క్రూ సరిచేశాను, పెట్టె బాగయింది. కానీ వాడు ఎప్పుడూ బజారంతా వినబడేలా మాట్లాడే మనిషి. ఆ మాట మాత్రం మెల్లగా అన్నాడు. నాకు గరగరే వినబడింది.